ఆర్కెస్ట్రా వాద్యాలను చెవితో గుర్తుపట్టడం ఎలా?

"సాక్సోఫోను ఇత్తడిదే కదా, మరి దాన్ని తీసుకెళ్లి కర్ర వాద్యాల్లో ఎందుకు కలిపారు?" హనుమకొండలో మా ఇంటి వసారాలో పిల్లలకు వయొలిన్ నేర్పడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. దాని వెనకే ఇంకో రెండు వస్తాయి. ఓబోకూ క్లారినెట్‌కూ తేడా ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే ముందు పుట్టిన వాద్యం ఏది? అడిగేవాళ్లలో పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువ. తెల్లవారితే బడికి చార్టు పట్టుకెళ్లాలి, రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను.

చార్టు మీద బొమ్మలు అంటించడం ఎవరికైనా వస్తుంది. ఆ బొమ్మలన్నిటికీ పేర్లు గడగడా చెప్పిన పిల్లవాడికి ఒక పాట వినిపించి "ఇప్పుడు మోగింది ఏమిటి?" అంటే నోరు మెదపడు. అందుకే ఇక్కడ బొమ్మల సంగతి చెప్పను. చెవికి ఎలా నేర్పాలో చెబుతాను. రోజుకు అరగంట చొప్పున వారం రోజులు పెట్టుకోండి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలెవరైనా చేయగలరు. పెద్దలకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే పెద్దలు వినడం కంటే ఊహించడం ఎక్కువ చేస్తారు.

ముందే ఒక మాట. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే పెళ్లిలోనో గణపతి మండపం దగ్గరో సినిమా పాటలు పాడే బృందం. కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు ముగ్గురు గాయకులు. ఇక్కడ చెప్పేది ఐరోపాలో పెరిగిన పెద్ద వాద్యబృందం గురించి. 80 నుంచి 100 మంది దాకా ఉంటారు, అందులో సగానికి పైగా తీగ వాద్యాల వాళ్లే. వాళ్ల లెక్కలో కుటుంబాలు నాలుగు: తీగ వాద్యాలు, వుడ్‌విండ్ అనే కర్ర ఊదుడు వాద్యాలు, ఇత్తడి ఊదుడు వాద్యాలు, కొట్టి వాయించేవి.

భరతుడి నాట్యశాస్త్రంలోనూ కుటుంబాలు నాలుగే: తతం, సుషిరం, అవనద్ధం, ఘనం. అంటే తీగ, గాలి, చర్మం, గట్టి వస్తువు. రెండు పట్టికలూ ఒకటేనని చాలా చార్టుల్లో రాస్తారు. ఒకటి కాదు. ఐరోపా వాళ్లు మన సుషిరాన్ని రెండుగా చీల్చారు, మన అవనద్ధాన్నీ ఘనాన్నీ ఒక గదిలో కుక్కారు. ఈ తేడా గుర్తుంటే సగం గందరగోళం ఇక్కడే తీరుతుంది.

కావలసినవి

కాగితపు టీ కప్పులు రెండు. నూలు దారం, గజం పొడవు. ఒక అగ్గిపుల్ల. చిన్న గుడ్డ ముక్క, నీళ్లు.

జ్యూస్ తాగే స్ట్రాలు అరడజను. ప్లాస్టిక్ స్ట్రా అయితే ఇంకా బాగుండేది, కానీ 2022 జులై 1 నుంచి వాటి మీద నిషేధం ఉంది కాబట్టి కాగితపువే తీసుకోండి. స్టీలు స్ట్రా ఈ పనికి అసలు రాదు. రెండు బెలూన్లు కూడా తెచ్చుకోండి: స్ట్రా ఏదీ దొరక్కపోతే ఒకటి పనికొస్తుంది, ఇంకోటి డబ్బాకు కావాలి.

కూలరుకు నీళ్లు పట్టే మెత్తటి పైపు, మీటరు నుంచి మీటరున్నర ముక్క. కొత్తదే కావాలి. నిరుడు వాడి మేడ మీద పడేసిన పైపు వద్దు, లోపల ఏముంటుందో మీకూ తెలుసు. పైపు చివర దూరే గరాటు ఒకటి.

స్టీలు కంచం, చెంచా, ఖాళీ పాల డబ్బా, టేపు, ఖాళీ సీసా. రికార్డింగు చేయగల ఫోను, ఇయర్‌ఫోన్లు. కత్తెర వాడే పని పెద్దలది.

1. పేరు అడగకండి, అదిరేది ఏదో అడగండి

మొదటి రోజు ఏ పరికరమూ ముట్టుకోవద్దు. పిల్లలను కూర్చోబెట్టి మనకు తెలిసిన చప్పుళ్లనే తీసుకోండి. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు మోగుతుంది. అక్కడ అదిరేది ఏమిటి? చర్మం. ఆ పక్కనే తాళాలు. అక్కడ అదిరేది? ఇత్తడి బిళ్లే. మేడారంలో కోయలు ఊదే కొమ్ము బూరలో? ఈ ప్రశ్నకు పిల్లలు "కొమ్ము" అంటారు. తప్పు. కొమ్మును చేత్తో గట్టిగా పట్టుకున్నా బూర మోగుతూనే ఉంటుంది. అదిరేవి ఊదేవాడి పెదవులు, లోపలి గాలి. ఆదిలాబాద్ వైపు ప్రధాన్ తెగవాళ్లు గోండు కథలు పాడుతూ వాయించే కిక్రిలో? కమాను రాపిడికి అదిరే తీగ.

ఈ ఒక్క ప్రశ్నే మిగతా వారమంతా మిమ్మల్ని నడిపిస్తుంది. వాద్యం దేనితో చేశారన్నది వదిలేయండి. మొదట అదిరేది ఏది?

చురుకైన పిల్లలుంటే బైండ్లవాళ్ల జమిడిక గురించి అడగండి. డబ్బాలాంటి పాత్ర, దానికి చర్మం, ఆ చర్మం మధ్య నుంచి వచ్చే తీగ. తీగను మీటితే చర్మం మోగుతుంది. ఇది తీగ వాద్యమా, చర్మ వాద్యమా? ఈ జాతి వాద్యాల మీద పండితులే రెండు వర్గాలయ్యారు. పాత పట్టికల్లో మీటే డోలు అన్నారు, తర్వాతివారు తీగ వాద్యమే అన్నారు. ఏ సమాధానం చెప్పినా ఫరవాలేదు, ఎందుకలా చెప్పారో చెప్పగలగాలి.

2. తీగ: ఒకే కప్పుతో రెండు పనులు

కాగితపు కప్పు అడుగున సన్నని రంధ్రం చేసి నూలు దారం దూర్చండి. లోపలి వైపు దారానికి అగ్గిపుల్ల ముక్క కట్టి జారకుండా ఆపండి. కప్పును ఒక చేత్తో పట్టుకుని, దారం కొసను కాలి కింద తొక్కిపెట్టి బిగువుగా లాగండి.

ఇప్పుడు దారాన్ని వేలితో మీటండి. "టంగ్" మని మొదలై వెంటనే చచ్చిపోతుంది. కప్పును కొంచెం పైకి లాగి మీటితే స్వరం పెరుగుతుంది. జమిడికలో జరిగేది ఇదే.

తర్వాత దారాన్ని వదులుగా వేలాడదీసి, తడి గుడ్డతో పైనుంచి కిందికి పట్టి పట్టి లాగండి. కప్పు కోడిలా అరుస్తుంది. పిల్లలు నవ్వి నవ్వి పడిపోతారు, వాళ్లను ఒక అయిదు నిమిషాలు అలా వదిలేయండి. గుడ్డ దారాన్ని పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం క్షణంలో ఎన్నోసార్లు జరుగుతుంది. వయొలిన్ కమాను చేసేదీ అచ్చంగా ఇదే. కమానుకు తడి బదులు రోజిన్ అనే గట్టి చెట్టు బంక రాస్తారు.

చప్పుడు రాకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే, గుడ్డ పొడిగా ఉండటం. గుడ్డ తడిగా ఉన్నా రాకపోతే మీరు నైలాను దారం వాడి ఉంటారు, అది నునుపు.

ఈ మెట్టులో చెవికి అందాల్సింది ఇది: మీటిన చప్పుడు పుట్టగానే తగ్గుతుంది, రాసిన చప్పుడు రాస్తున్నంతసేపూ నిలుస్తుంది. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాళ్లు కమాను పక్కన పెట్టి వేళ్లతో మీటినప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది అది వీణ అంటారు, మిగతా సగం గిటారు అంటారు. మీటినా, రాసినా కుటుంబం మారదు.

3. రీడు: స్ట్రా బూర

రీడు అంటే ఊదితే అదిరే పల్చని పొర. స్ట్రా ఒక చివర రెండు సెంటీమీటర్ల మేర వేళ్లతో నొక్కి చదును చేయండి. ఆ చదునైన కొసను రెండు వైపులా ఏటవాలుగా కత్తిరించి బాణం మొనలా చేయండి. మొన పూర్తిగా సూదిగా వద్దు, రెండు పొరలూ ఒకదానికొకటి ఎదురుగా రెండు చిన్న పెదవుల్లా ఉండాలి. ఆ కొసను నోట్లోకి పెట్టుకుని, పళ్లు తగలకుండా పెదవులతో మెల్లగా అదిమి గట్టిగా ఊదండి.

మొదటిసారే మోగితే మీ అదృష్టం. చాలామందికి నాలుగో అయిదో ప్రయత్నంలో వస్తుంది. మోగకపోతే ఈ వరుసలో చూడండి: ముందు స్ట్రాను ఇంకొంచెం లోపలికి జరపండి, తర్వాత పెదవుల ఒత్తిడి తగ్గించండి, అప్పటికీ రాకపోతే కొసను మళ్లీ నొక్కి చదును చేయండి. కాగితపు స్ట్రా పది ఊదుళ్లకే నాని మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని పారేసి ఇంకొకటి కత్తిరించుకోవాలి తప్ప ఎంత ఊదినా లాభం లేదు.

స్ట్రా కుదరనివాళ్లు బెలూన్ ఊది, దాని మూతిని రెండు చేతులతో సాగదీసి గాలి వదలండి. కీచుమనే ఆ చప్పుడు కూడా రెండు రబ్బరు పెదవులు అదిరి పుట్టిందే. ఊళ్లో ఉన్నవాళ్లు చిన్నప్పటి బొప్పాయి కాడ బూర చేసుకోవచ్చు. అయితే కాడ కోసిన వెంటనే కారే పాలు పెదవికి తగిలితే దురద, మంట. కడిగి, ఆరాకే నోట్లో పెట్టనివ్వండి.

మోగిన స్ట్రాను ఊదుతూ ఉండగానే పెద్దలొకరు రెండో చివర నుంచి కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ రండి. ప్రతి కత్తిరింపుకూ స్వరం పైకి ఎక్కుతుంది. పిల్లనగ్రోవికి రంధ్రాలు ఎందుకన్నది ఇక్కడే తెలుస్తుంది: రంధ్రం తెరిచారంటే గొట్టాన్ని అక్కడ కత్తిరించినట్టే. స్ట్రా నోట్లో పెట్టుకుని ఎవరూ పరుగెత్తకూడదు, ఇది గట్టిగా చెప్పండి.

ఇలా రెండు పొరలు ఎదురెదురుగా అదిరేవి సన్నాయి, నాదస్వరం, ఆర్కెస్ట్రాలో ఓబో, బసూన్. ఒకే పొర ఒక గట్టి మూతి మీద అదిరేది క్లారినెట్. సాక్సోఫోను కూడా అంతే. బెల్జియం వాడు అడాల్ఫ్ సాక్స్ 1846లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడి, కానీ అదిరేది నోట్లోని రెల్లు ముక్క. అందుకే కర్ర వాద్యాల గుంపులో పడింది. ఈ కాలపు ఆర్కెస్ట్రా ఫ్లూటు వెండితోనో ఇతర లోహాలతోనో చేసిందే, అయినా అదీ ఆ గుంపులోనిదే. ఫ్లూటులో రీడు లేదు, రంధ్రం అంచుకు తగిలి చీలే గాలే మూలం. ఖాళీ సీసా మూతి మీద ఊది చూపించండి, వేరే వివరణ అక్కర్లేదు.

4. పెదవి: కూలరు పైపు

పైపు ఒక చివర గరాటు దూర్చండి. రెండో చివరను పెదవులకు ఆనించి, పెదవులు మూసి "బ్ర్‌ర్‌ర్" మని చిన్నపిల్లలు బండి నడిపినట్టు అదిరించండి. ఊరికే గాలి ఊదితే ఏమీ రాదు, అందరూ చేసే మొదటి తప్పు ఇదే. పెదవి చప్పుడు రావాలి, పైపు దాన్ని అందుకోవాలి.

మోగాక, పైపు పొడవు మార్చకుండా పెదవులు కొంచెం బిగించి ఊదండి. స్వరం జారుతూ ఎక్కదు, మెట్టెక్కినట్టు ఒక్కసారి పైకి గెంతుతుంది. ఇంకా బిగిస్తే ఇంకో మెట్టు. ఇత్తడి కుటుంబానికి ఇదే సంతకం. రంధ్రం లేదు, మీట లేదు, ఒకే గొట్టంలో ఎన్నో స్వరాలు. కొమ్ము బూర రెండు మూడు స్వరాల మీదే ఎందుకు మోగుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ట్రంపెట్‌కూ హార్న్‌కూ మీటలు 19వ శతాబ్దంలో వచ్చాయి. అవి గొట్టానికి అదనపు పొడవు కలిపి మెట్ల మధ్య ఖాళీలు పూరిస్తాయి. ట్రాంబోన్‌లో ఆ పనిని ముందుకు వెనక్కి జరిపే గొట్టం చేస్తుంది. ఫ్రెంచ్ హార్న్‌ను విప్పి చాపితే మూడున్నర మీటర్లు దాటుతుంది.

గరాటు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి ఊదించండి. తేడాను పక్కింటివాళ్లు కూడా చెబుతారు. ఒకరు ఊదిన పైపును కడగకుండా ఇంకొకరు ఊదవద్దు. తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే ఆపి కూర్చోవాలి. మధ్యాహ్నం నిద్రపోయే పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ మెట్టు సాయంత్రానికి వాయిదా వేసుకోండి, నా అనుభవంతో చెబుతున్నాను.

5. కొట్టేవి

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. కంచాన్ని అంచు దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి చెంచాతో కొట్టండి, తర్వాత అరచేతిలో పెట్టుకుని కొట్టండి. మొదటిది మోగుతూ ఉంటుంది, రెండోది చస్తుంది. బెలూన్ మెడ కత్తిరించి పాల డబ్బా మూతి మీద బిగువుగా తొడగండి, అది చర్మ వాద్యం. డబ్బా అంచు కోసుకుంటుంది కాబట్టి ముందు టేపు చుట్టండి. రబ్బరును చుట్టూ లాగి బిగిస్తే స్వరం పెరుగుతుంది. డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచేదీ ఇందుకే: చర్మంలోని చెమ్మ పోయి బిగుస్తుంది. ఆర్కెస్ట్రాలోని టింపనీకి ఆ బిగింపును కాలి పెడలు చూసుకుంటుంది, అందుకే అది డోలు అయినా స్వరం పలుకుతుంది. స్నేర్ డ్రమ్ముకు అడుగు చర్మానికి ఆనించి సన్నని తీగలు ఉంటాయి, ఆ చిటపట వాటిదే.

పియానో ఎక్కడ అని అడుగుతారు. లోపల సుత్తులు తీగలను కొడతాయి. అదిరేది తీగ, చేసే పని కొట్టడం. ఆర్కెస్ట్రాలో కూర్చోబెట్టేటప్పుడు దాన్ని తరచూ కొట్టే వాద్యాలతో కలుపుతారు. మన జమిడిక లాంటి తగాదానే.

6. తెర వెనక పరీక్ష

అయిదో రోజు తలుపుకు దుప్పటి కట్టండి. ఒకరు వెనక ఉండి కప్పు, స్ట్రా, పైపు, కంచం, డబ్బా ఏ వరుసలోనైనా ఇరవై సార్లు మోగించాలి. వినేవాళ్లు వాద్యం పేరు రాయకూడదు. "దారం", "రీడు", "పెదవి", "గట్టిది", "చర్మం" అని అదిరేదాన్నే రాయాలి. ఇరవైలో పదహారు దాటితే ముందుకు వెళ్లండి. దాటకపోతే తప్పులు ఎక్కడ పడ్డాయో చూడండి. రీడు, పెదవి తారుమారైతే మూడు, నాలుగు మెట్లు మళ్లీ చేయాలి. మిగతావి తారుమారైతే మోగించేవాళ్లు కంగారు పడ్డారని అర్థం.

ఇప్పుడు అసలు కిటుకు. తెర వెనక చప్పుళ్లను ఫోనులో రికార్డు చేసి, ఏదైనా ఆడియో కత్తిరించే యాప్‌లో ఒక్కో చప్పుడు మొదటి అర సెకను తీసేసి వినిపించండి. రాసిన దారం, స్ట్రా, పైపు, మూడూ ఒకదానికొకటి దగ్గరైపోతాయి. చప్పుడు ఎలా మొదలైందన్నదాన్ని పట్టుకునే చెవి సగం గుర్తిస్తుంది. ఆర్కెస్ట్రా వినేటప్పుడు కూడా స్వరం మధ్యలో ఆలోచించకండి, మొదలయ్యే చోట చెవి పెట్టండి. ట్రంపెట్ నాలుక దెబ్బతో "త" అని మొదలవుతుంది. వయొలిన్‌కు ముందు సన్నని గీరు ఉంటుంది. ఫ్లూటుకు ముందు కొద్దిగా గాలి వినిపిస్తుంది.

7. ఇక ఆర్కెస్ట్రా

మూడు రచనలు చాలు, ఈ వరుసలోనే వినండి. మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా వినడానికి దొరుకుతాయి.

మొదటిది బ్రిటన్ దేశపు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1945లో రాసిన "యంగ్ పర్సన్స్ గైడ్ టు ది ఆర్కెస్ట్రా". పావుగంటకు కాస్త పైన ఉంటుంది. ఒకే స్వరరచనను ముందు అందరూ కలిసి, తర్వాత కర్ర వాద్యాలు, ఇత్తడి, తీగలు, కొట్టేవి ఈ వరుసలో విడివిడిగా వాయిస్తారు. మొదటి రెండు మూడు నిమిషాలే పదిసార్లు వినండి. కుటుంబాలు స్థిరపడటానికి దీన్ని మించింది నాకు దొరకలేదు.

రెండోది రష్యా స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో చేసిన "పీటర్ అండ్ ది వోల్ఫ్". పిల్లల కథ, అరగంట లోపే. పిట్ట ఫ్లూటు, బాతు ఓబో, పిల్లి క్లారినెట్, తాత బసూన్, తోడేలు మూడు హార్న్‌లు, పీటరు తీగ వాద్యాలు. ఇంగ్లీషు కథనం అర్థం కాకపోయినా నష్టం లేదు, ఈ జాబితాను కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. ఓబో, క్లారినెట్ తేడా అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: బాతునూ పిల్లినీ పక్కపక్కన వినండి. ఓబోది ముక్కుతో పలికే గొంతు, సన్నాయికి చిన్న చెల్లెలు. క్లారినెట్ కింది స్థాయిలో గుండ్రంగా, బోలుగా, చెక్క పెట్టెలోంచి వచ్చినట్టు ఉంటుంది.

మూడోది పరీక్ష. ఫ్రాన్సు స్వరకర్త రావెల్ 1928లో రాసిన "బొలేరో". పావుగంట పాటు అదే వరస ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి చేతులు మారుతుంది, వెనక స్నేర్ డ్రమ్ము ఒకే లయను విడవకుండా కొడుతుంది. మొదట ఫ్లూటు, తర్వాత క్లారినెట్, ఆ తర్వాత బసూన్. బసూన్ దగ్గర దాదాపు అందరూ తప్పుతారు, ఎందుకంటే తాత గొంతు వాద్యం ఇక్కడ పై స్థాయిలో పాడుతుంది. మధ్యలో సాక్సోఫోన్లు కూడా వస్తాయి. వరస చేయి మారినప్పుడల్లా రాస్తూ పోండి. మొదటిసారి పేర్లు కాదు, కుటుంబం మాత్రమే.

ఫోను స్పీకరులో వినవద్దు. తీగ వాద్యాల్లో అన్నిటికంటే పెద్దదైన డబుల్ బేస్ అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు అదురుతుంది, ఆ చిన్న స్పీకరు అంత కిందికి దిగలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అంతవరకు లేని ఒక అంతస్తు కింద తెరుచుకున్నట్టు ఉంటుంది.

నిజం వాద్యం చూడాలని ఉంటే బరాత్‌కు ముందు బ్యాండు మేళం వాళ్లు శ్రుతి చూసుకునే పది నిమిషాలను వాడుకోండి. క్లారినెట్, ట్రంపెట్, ఒక్కోసారి సాక్సోఫోను, అన్నీ మూరెడు దూరంలో ఉంటాయి. అన్నా అని పలకరించి అడిగితే విప్పి మరీ చూపిస్తారు. వాళ్ల వాద్యాన్ని మాత్రం మీ నోట్లో పెట్టుకోబోకండి. మన జిల్లాల్లో ఇంతకంటే మంచి తరగతి గది ఇంకోటి లేదు. ఊళ్లో కొందరు బ్యాండును చిన్నచూపు చూడటం నాకెప్పుడూ నచ్చదు.

తరచూ జరిగే పొరపాట్లు

పెద్ద చప్పుడంటే ఇత్తడి అనుకోవడం. హార్న్ చాలా మెత్తగా పాడగలదు, పిక్కలో అనే చిట్టి ఫ్లూటు చెవులు చిల్లులు పొడుస్తుంది. సన్నని స్వరం వయొలిన్‌ది, లావు స్వరం దానికంటే పెద్దదైన చెల్లోది అని స్థాయిని బట్టి తేల్చడం కూడా పనికిరాదు. చెల్లో పై స్థాయికి ఎక్కి వయొలిన్ దారిలోకి వచ్చేస్తుంది. అప్పుడు గొంతు మందం వినాలి.

ట్రంపెట్ గరాటు లాంటి చివరలో మ్యూట్ అనే బిరడా పెడితే ముక్కు గొంతు వస్తుంది. అది విని ఒకసారి పిల్లలందరి ముందు నేను ఓబో అని గట్టిగా చెప్పాను. వెనక కూర్చున్న అమ్మాయి "మెట్టు గెంతింది టీచర్" అంది. ఆమెదే నిజం.

సినిమా పాటలతో సాధన చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇళయరాజా పాత పాటల్లో, 1980ల నాటివి తీసుకుంటే, తీగల గుంపు నిజంగా కూర్చుని వాయించినవి దండిగా ఉన్నాయి, అవి మంచి సాధన. ఇప్పటి పాటల్లో వినిపించే వయొలిన్ చాలాసార్లు కంప్యూటరుది. దాన్ని గుర్తుపట్టలేకపోతే చెవి తప్పు కాదు.

రామప్ప గుడికి తీసుకెళ్లి శిల్పాల్లోని మద్దెలలను, వాయించే స్త్రీలను చూపించండి, చాలా బాగుంటుంది. ఓరుగల్లు రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథం రాసిన శతాబ్దంలోనే, 1213లో కట్టిన గుడి అది. కానీ మోగుతుందేమోనని శిల్పాన్ని తట్టి చూడకండి, పిల్లలనూ తట్టనివ్వకండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి అది.

చార్టు వాళ్ల కోసం: మొదటి వాద్యం ఏది?

"ఆదిమానవుడు మొదట డోలు కనిపెట్టాడు" అని రాయకండి. చర్మం, కర్ర కుళ్లిపోతాయి, చప్పట్లూ గొంతూ ఆనవాలే మిగల్చవు. కాబట్టి డోలు ముందా వెనకా అన్నది ఎవరూ చెప్పలేరు. మనకు మిగిలినవాటిలో పాతవి ఎముక పిల్లనగ్రోవులు. జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో రాబందు ఎముకతో చేసినది దొరికింది, అయిదు రంధ్రాలు, వయసు 35 వేల ఏళ్లకు పైనే. చైనాలోని జియాహులో కొంగజాతి పక్షి ఎముకలతో చేసినవి సుమారు 9 వేల ఏళ్ల నాటివి, వాటిలో ఒకదాన్ని ఈ కాలంలో ఊదితే పలికింది. చార్టులో "దొరికిన వాటిలో పాతది" అని రాస్తే మార్కు పోదు.

చివరి తనిఖీ

ఏడో రోజు బొలేరోలో ఎవరూ వినని మధ్య భాగం నుంచి మొదలుపెట్టండి. పది మార్పుల్లో ఏడింటికి కుటుంబం సరిగ్గా చెబితే చాలు, పేర్లు నాలుగు వచ్చినా మంచిదే. కుటుంబం తప్పై పేరు ఒప్పైతే, అంటే సాక్సోఫోను అని చెప్పి పక్కన ఇత్తడి అని రాస్తే, మూడో మెట్టుకు తిరిగి వెళ్లి ఇంకో స్ట్రా కత్తిరించండి.

పైపును మళ్లీ కూలరుకు పెట్టాలనుకుంటే గరాటు తీసేసి, సబ్బు నీళ్లతో కడిగి, రెండు చివరలూ కిందికి ఉండేలా తీగ మీద వేలాడదీయండి. పిల్లలు మాత్రం అది ఇక కూలరుది కాదంటారు. కొత్త ముక్క కొనడానికి డబ్బు పక్కన పెట్టుకోండి.